పాండూరు గెనిమల మీద పూలు



తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి పోయే దారిలో పాండూరు చుట్టుపక్కల వరిమళ్ళు బాగా కనిపిస్తాయి. చెరువులో నీళ్ళుంటే సొర్ణవారి, సంబా, నవరై అని మూడు కార్లు పండించే నేల అది. ఒక కారు కోసి ఇంకో కారుకు మడి తడిపేలోగా రైతు గెనిమలు చెక్కుతాడు. పారతో పక్కలు కోసి, ఎలుక బొక్కలు పూడ్చి, బురద మెత్తుతాడు. మడిలో నీళ్ళు నిలవాలంటే ఆ పని చేసి తీరాలి, దాని మీద నాకు పేచీ లేదు. అయితే ఈమధ్య కాలంలో పార పక్కన గడ్డిమందు కూడా వచ్చి చేరింది. ఒక్కసారి కొడితే గెనిమ నెత్తిన ఉన్న గరిక, తుమ్మి, నేల ఉసిరి, పేరు కూడా తెలియని చిన్నచిన్న పూలమొక్కలు, అన్నీ వారంలో మాడిపోతాయి. కూలి మిగిలింది, గెనిమ శుభ్రంగా ఉంది అనుకుంటాం. ఆ మాడిన గడ్డితో పాటు మనం ఎవరిని పోగొట్టుకుంటున్నామో చెప్పాలని ఇవాళ మీ ముందుకు వచ్చాను.

సుడిదోమ మీకు తెలుసు. పచ్చటి మడి మధ్యలో ఒకచోట గుండ్రంగా ఎండుతుంది. నాలుగు రోజుల్లో ఆ గుండ్రం పెద్దదై, నిప్పు పెట్టినట్టు మాడిపోతుంది. దోమ దుబ్బు మొదట్లో, నీళ్ళకు కాస్త పైన గుంపుగా కూర్చుని రసం పీలుస్తుంది. ఆడదోమ గుడ్లను ఆకు తొడుగు కండలోకి గుచ్చి పెడుతుంది. ఒక్కొక్కటి రెండు మూడు వందల గుడ్లు పెట్టగలదు. అంత లోపల దాగిన గుడ్డు మీద పైనుంచి కొట్టే మందు సరిగా పనిచేయదు.

ఆ గుడ్డును వెతికి పట్టుకునే జీవి ఒకటుంది. అది కందిరీగల వంశంలోదే, కానీ ఒళ్ళు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. శాస్త్రవేత్తలు దాన్ని అనాగ్రస్ అంటారు. రెక్కలు సన్నగా ఉండి అంచుల పొడుగునా వెంట్రుకలుంటాయి. వరి ఆకు తొడుగు మీద నడుస్తూ మీసాలతో తడుముతుంది. లోపల దోమ గుడ్డు తగిలిన చోట ఆగి, తన గుడ్డును ఆ గుడ్డులోకే దించుతుంది. లోపల పుట్టిన పిల్ల దోమ గుడ్డునే తిని పెరుగుతుంది. దోమ బయటికి రావలసిన గుడ్డులోంచి చిన్న కందిరీగ బయటికి వస్తుంది.

ఇంత పని చేసే ఈ జీవికి రెండు అవసరాలున్నాయి. పెద్దదయ్యాక అది పూలలోని తేనె మీద బతుకుతుంది. తేనె దొరక్కపోతే తొందరగా చచ్చిపోతుంది, దొరికితే ఎక్కువ రోజులు బతికి ఎక్కువ గుడ్లను వెతుక్కుంటుంది. రెండోది, కోతలయ్యాక మడిలో దోమ గుడ్లు ఉండవు గనక ఆ రోజుల్లో దానికి వేరే ఆసరా కావాలి. గెనిమ మీది గడ్డిలో, కాలువ గట్టు తుంగలో వరిని ముట్టని వేరే దోమలుంటాయి. వాటి గుడ్లలో తన పిల్లల్ని పెంచుకుని, మళ్ళీ నాట్లు పడగానే మడిలోకి దిగుతుంది. గడ్డిమందు కొట్టిన గెనిమ మీద దానికి తిండీ ఉండదు, నిలవడానికి చోటూ ఉండదు.

ఈ సంగతిని లోకం మొదట గట్టిగా తెలుసుకున్నది ద్రాక్షతోటల్లో. అమెరికాలోని కాలిఫోర్నియాలో ద్రాక్ష ఆకుల మీద ఒక దోమ పడేది. కొన్ని తోటల్లో విపరీతంగా ఉండేది, నది ఒడ్డు తోటల్లో మాత్రం పెద్దగా బాధ ఉండేది కాదు. 1960లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు డౌట్, నకాటా ఇద్దరూ కారణం వెతికారు. చలికాలంలో ద్రాక్ష ఆకు రాలుస్తుంది, దోమ గుడ్లుండవు. కానీ నది ఒడ్డున అడవి బ్లాక్‌బెర్రీ పొదలు పచ్చగా ఉంటాయి, వాటి మీద ద్రాక్షతో సంబంధం లేని ఇంకో దోమ గుడ్లు పెడుతుంది. ద్రాక్ష దోమ గుడ్లను తినే మిత్రపురుగు చలికాలమంతా ఆ గుడ్లలో గడిపి, ద్రాక్ష చిగురించగానే తోటలోకి వస్తోంది. ఆ మిత్రపురుగు ఏమిటనుకున్నారు? అదీ అనాగ్రస్ కుటుంబమే. మన మడిలో సుడిదోమ గుడ్డును తినేదానికి తోబుట్టువు. ద్రాక్షతోటకు కాపలా కాసింది తోటలో ఎవరూ నాటని, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక ముళ్ళపొద.

ఆ తరవాత జరిగింది కూడా చెప్పాలి. ఈ సంగతి తెలిశాక తోటల పక్కన బ్లాక్‌బెర్రీ నాటి చూశారు. నది ఒడ్డు నీడలో పనిచేసినట్టు ఎండ తగిలే తోట పక్కన ఆ పొద పనిచేయలేదు. తరవాత ప్రూన్ అనే పండ్ల చెట్లను గాలి వచ్చే దిక్కున నాటి కొంత ఫలితం సాధించారు. ఏ మొక్కకు ఏ చోటు పడుతుందో చూడకుండా పక్క ఊరిలో పనిచేసిందని తెచ్చి నాటితే ఫలితం ఉండదని నాకు ఆ అనుభవం నుంచి అర్థమైంది. అందుకే మన నేలకు అలవాటైన మొక్కల గురించే ఇవాళ మాట్లాడతాను.

మీ తిరువళ్ళూరుకు సుడిదోమ కథలో ఇంకో సంబంధం కూడా ఉంది. పక్కనే తిరూరులో వరి పరిశోధన కేంద్రం ఉంది. టీకేఎం అన్న పేరుతో వచ్చే వరి రకాలు ఆ తిరూర్‌కుప్పం నేలలో తయారైనవే. టీకేఎం 6 అనే పాత రకం కాండం తొలుచు పురుగును కొంత తట్టుకుంటుందని దాన్ని ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తీసుకుంది. ఐఆర్ 20కి, ఐఆర్ 26కి తల్లిదండ్రుల్లో ఒకటి ఇదే. ఆ ఐఆర్ 26, 1973లో విడుదలైంది. సుడిదోమను తట్టుకునే రకంగా ఆసియా అంతా పేరు తెచ్చుకుంది. రెండు మూడేళ్ళు గడిచేసరికి దాన్ని కూడా తినగలిగే దోమ పుట్టుకొచ్చింది. ఇండోనేషియాలో దోమ కోసం విమానాలతో కూడా మందు చల్లారు. మందు సాలీళ్ళను, మిత్రపురుగులను చంపింది, గుడ్లలో దాగిన దోమ మళ్ళీ లేచింది. చివరికి 1986లో ఆ దేశాధ్యక్షుడు సుహార్తో వరిలో 57 రకాల పురుగుమందులను ఒక్క ఉత్తర్వుతో నిషేధించారు. విత్తనంలో పెట్టిన బలాన్నీ డబ్బాలో వచ్చిన బలాన్నీ దాటిన పురుగు అది. దాన్ని అదుపులో ఉంచుతూ వచ్చినవాళ్ళు గెనిమ మీద కాపురం ఉండేవాళ్ళే.

ఇక మొక్కల సంగతికి వద్దాం. నా ఓటు మొదట నువ్వులకు. నువ్వు ఈ దేశం పంట, మన మెట్ట చేలకు తరతరాల చుట్టం. నువ్వు మొక్కను దగ్గరగా చూడండి. ఆకు మొదట్లో పువ్వు కాడ కాండానికి అతుక్కునే చోట, అటూ ఇటూ ఆవగింజంత పసుపుపచ్చ బుడిపెలుంటాయి. అవి ఎదగకుండా ఆగిపోయిన పూలే. వాటిలోంచి తియ్యటి రసం ఊరుతుంది. ఉదయం పూట భూతద్దం పట్టుకుని చూస్తే ఆ బుడిపెల దగ్గర చీమలు, చిన్న చిన్న కందిరీగలు, అక్షింతల పురుగులు కనిపిస్తాయి. అంటే పువ్వు విచ్చుకోకముందే నువ్వు మొక్క భోజనం పెట్టడం మొదలుపెడుతుంది. పూలు వచ్చాక తేనె ఎలాగూ ఉంది. చైనా శాస్త్రవేత్తలు ఇంకో మంచి సంగతి కనిపెట్టారు. నువ్వుపూల వల్ల గుడ్లను తినే పరాన్నజీవుల ఆయుష్షు పెరుగుతోంది గానీ, వరి కాండం తొలిచే రెక్కల పురుగులకు ఆ లాభం కలగడం లేదు. మిత్రుడికి వడ్డించి శత్రువుకు వడ్డించని మొక్క దొరకడం చిన్న విషయం కాదు.

ఇది కాగితం మీద ఉన్న మాట కాదు. చైనా, వియత్నాం, థాయిలాండ్ దేశాల్లో నాలుగేళ్ళపాటు రైతుల పొలాల్లోనే, గెనిమల మీద తేనె ఇచ్చే పూలమొక్కలు పెంచి చూశారు. 2016లో ఆ ఫలితాలు వచ్చాయి. పురుగుమందు వాడకం 70 శాతం తగ్గింది. దిగుబడి తగ్గలేదు, 5 శాతం పెరిగింది. మన దగ్గర హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఈ పద్ధతి మీద శిక్షణ ఇస్తోంది.

నువ్వుల తరవాత అలసంద. దాని పూలకాడ మీద కూడా తియ్యటి రసం ఊరే చోట్లున్నాయి. అలసంద మీద పడే నల్ల పేనుబంక వరిని ముట్టదు. కానీ అక్షింతల పురుగుకు అది విందు. అక్కడ పెరిగిన అక్షింతల పురుగులు మడిలోకి దిగి దోమ పిల్లల్ని కూడా తింటాయి. ఒక్క జాగ్రత్త ఉంది. పక్కన చెనిక్కాయ చేను ఉంటే అలసంద మీద కన్ను వేసి ఉంచాలి, ఆ పేనుబంక చెనిక్కాయకూ పడుతుంది.

గెనిమ మీద నాటక్కర్లేని మొక్కలు కూడా కొన్ని ఉన్నాయి, నరక్కుండా ఉంటే చాలు. చెరువుకట్ట మీద జిల్లేడు ఉంటుంది. దాని లేత ఆకుల కింద పసుపుపచ్చ పేనుబంక గుంపులుగా ఉంటుంది. అది జిల్లేడు, గన్నేరు లాంటి పాలచెట్లనే పట్టుకుంటుంది, మన పంటల జోలికి రాదు. ఆ గుంపు పక్కనే అక్షింతల పురుగు పిల్లలు, నల్లగా మొసలి ఆకారంలో ఉండేవి, తింటూ తిరుగుతుంటాయి. చాలామంది ఆ పిల్లల్ని చూసి ఇదేదో కొత్త పురుగు అని భయపడి మందు కొడతారు. దయచేసి కొట్టకండి. అవి పెద్దవయ్యాక మీకు తెలిసిన ఎర్రటి గుండ్రటి అక్షింతల పురుగులే అవుతాయి. తంగేడు ఆకు కాడ మీద, జత ఆకుల మధ్య తియ్యటి రసం ఊరే చిన్న గ్రంథులున్నాయి, ఆముదం ఆకు కాడ మీదా ఉన్నాయి. వావిలి పొద పూస్తే తేనెటీగలు, కందిరీగలు ముసురుతాయి. తుమ్మి తెల్లటి చిన్న పూలతో గెనిమ మీదే నేలకు దగ్గరగా బతుకుతుంది, వరికి నీడ పడదు. వావిలిని నొచ్చి అనీ, తంగేడును ఆవారం అనీ, జిల్లేడును ఎరుక్కు అనీ పిలిచే ఊళ్ళు మీవి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారింది. అందుకే ఇంట్లో తెలుగు, వ్యవసాయ శాఖ కాగితం మీద తమిళం. ఏ పేరుతో అడిగినా మొక్క మాత్రం మీ చెరువుకట్ట మీదే ఉంది.

ప్రతి పువ్వూ మంచిదే అనుకోవద్దు. ఇది నేను నొక్కి చెప్పాలి. 2000 సంవత్సరంలో అనంతపురం జిల్లాలో వేరుశనగ పైరు మొవ్వు కుళ్ళి, కాండం ఎండి, రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతింది. నష్టం మూడు వందల కోట్లు దాటిందని లెక్క వేశారు. దాని వెనక ఉన్నది ఒక వైరస్. అది దాక్కున్న చోటు వయ్యారిభామ. తెల్లటి చిన్న పూలతో గట్ల మీద, రోడ్ల పక్కన విరగబూసే మొక్క అది, పరాయి దేశం నుంచి వచ్చింది. దానికి జబ్బు లక్షణాలు కనిపించవు. దాని పుప్పొడి తామరపురుగుల ఒంటికి అంటుకుని వేరుశనగ మీదకు చేరింది. కాబట్టి వయ్యారిభామ కనిపిస్తే పూతకు రాకముందే వేళ్ళతో పీకెయ్యాలి. మడిలో, మడి అంచున ఊద గడ్డిని కూడా ఉంచకూడదు. తుమ్మిని ఉంచి వయ్యారిభామను పీకడం గడ్డిమందు డబ్బాకు చేతకాదు. దానికి మనిషి కన్ను, చెయ్యి కావాలి. కూలి ఖర్చు కొంత పెరుగుతుంది, ఆ మాట దాచను.

ఇలా చెబుతున్నప్పుడు ఒక పెద్దాయన నన్ను అడిగారు. "అమ్మా, గెనిమ మీద మొక్క దట్టంగా మొలిస్తే ఎలక కాపురం పెట్టదా? పాము చేరదా? రాత్రి నీళ్ళు కట్టడానికి పొయ్యేది మేము గదమ్మా." ఆయన భయంలో న్యాయం ఉంది. అందుకే గెనిమను అడవి చెయ్యమని నేను అనను. నడిచే గెనిమను ఎప్పటిలా చెక్కండి. మనిషి రోజూ తిరగని అడ్డ గెనిమల మీద మాత్రం నువ్వు, అలసంద ఒక్క వరసలో, ఎడంగా వెయ్యండి. మొదట్లో మట్టి కనిపిస్తూ ఉండాలి. ఎలుక బొక్క పడితే అప్పుడే తెలుస్తుంది. అన్ని గెనిమలూ ఒకే రోజు చెక్కకుండా, సగం ఈ వారం, సగం రెండు వారాల తరవాత చెక్కితే సాలీళ్ళకు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయే వ్యవధి దొరుకుతుంది.

నువ్వులు విత్తిన ఐదారు వారాలకు పూస్తాయి. నాట్లు వేసే రోజుల్లోనే గెనిమ మీద విత్తితే, దోమ పెరిగే వేళకు పూలు సిద్ధంగా ఉంటాయి. ఆలస్యం చేస్తే దోమ ముందు వస్తుంది, పువ్వు తరవాత వస్తుంది.

చీమల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే తియ్యదనం ఉన్నచోట అవి తప్పవు. వరిలో వాటితో ఇబ్బంది లేదు. ద్రాక్షలో ఉంది. బెంగళూరు చుట్టుపక్కల, కంబం లోయలో, ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ పండించిన హైదరాబాద్ శివార్లలో ద్రాక్ష రైతుకు తెలిసిన పురుగు పిండినల్లి. అది వదిలే బంక కోసం చీమలు దానికి కాపలా కాసి, మిత్రపురుగుల్ని తరిమేస్తాయి. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును 1898లోనే ఆస్ట్రేలియా నుంచి మన దేశానికి తెచ్చారు. 1980లలో బెంగళూరు ప్రాంతపు ద్రాక్షతోటల్లో వదిలి మంచి ఫలితం చూశారు. అయితే చీమలను ఆపిన తోటలోనే అది బాగా పనిచేస్తుంది. అందుకని ద్రాక్ష పందిరి కిందే తేనె మొక్క నాటడం కన్నా తోట చుట్టూ అంచున నాటడం మేలని నా అభిప్రాయం.

పాండూరు దాటి తిరుత్తణి, పళ్ళిపట్టు, నగరి వైపు పోతే మామిడి తోటలు మొదలవుతాయి. అక్కడ నా మాట ఇంకా గట్టిగా ఉంటుంది. మామిడి పూతకు తేనెమంచు పురుగు పడుతుందని పూత మీదే మందు కొడతారు. మామిడి పూతను పిందెగా మార్చేది ఎక్కువగా ఈగలు. ఇంట్లో వాలే ఈగలకు బంధువులు, పూల మీద గాలిలో నిలబడి ఎగిరే సిర్ఫిడ్ ఈగలు, వాటితోపాటు చిన్న తేనెటీగలు. సిర్ఫిడ్ ఈగ పిల్లలు పేనుబంకను తింటాయి కూడా. పూతలో మందు కొడితే తేనెమంచు పురుగుతో పాటు ఇవీ పోతాయి. పూత అయ్యాక వీటికి ఏడాదంతా తోటలో తిండి ఏదీ? కింద దున్ని నున్నగా ఉంచుతాం.

దక్షిణాఫ్రికాలో లింపోపో అనే రాష్ట్రంలో పెద్ద పెద్ద మామిడి తోటలున్నాయి. తోట మధ్యకు పోయేకొద్దీ, అడవికి దూరమయ్యేకొద్దీ, కాపు తగ్గుతోందని గమనించారు. తోటల్లో చిన్న చిన్న మడులుగా స్థానిక పూలమొక్కలు రెండు రకాలు పెంచారు. ఆ మడుల దగ్గర చెట్లకు వచ్చే ఈగలు, తేనెటీగలు పెరిగాయి, కాపు కూడా పెరిగింది. వాళ్ళు నాటిన రెండు మొక్కల్లో ఒకటి కలబంద జాతిది, రెండోది ముళ్ళగోరింట జాతిది. మన తిరుత్తణి కొండల కింద కంపల మధ్య పసుపుపచ్చగా పూసే ముళ్ళగోరింట ఉందే, దానికి అది చాలా దగ్గరి బంధువు. నీళ్ళు పోయక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు, మేక కూడా అంతగా ముట్టదు. తోట కంచె వెంబడి ముళ్ళగోరింట, తంగేడు, మూలల్లో వావిలి ఉన్న మామిడి తోటను నేను మనసారా కోరుకుంటాను.

ఇన్ని మొక్కలు పెంచినా మందు ఎప్పటిలా కొడితే ఈ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. నాట్లు వేసిన రెండు మూడు వారాలకు ఆకు ముడుచుకుంటుంది, తెల్లటి చారలు పడతాయి. చూసి ఓర్వలేక మొదటి మందు కొడతాం. ఆ వయసులో వరి కొత్త ఆకులు వేసి తనంతట తానే తేరుకుంటుంది. ఆ మొదటి మందు సాలీళ్ళను ముందు చంపుతుంది, సుడిదోమకు దారి తెరుస్తుంది. వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతులు 1990లలో ఇదే చేసేవాళ్ళు. మొదటి 40 రోజులు ఆకు పురుగులకు మందు కొట్టకండి, కావాలంటే ఒక చిన్న ముక్కలో కొట్టకుండా వదిలి చూడండి అని అక్కడ ఊరూరా చెప్పారు. గోడపత్రాలు అంటించారు, రేడియోలో నాటికలు వేశారు. లాంగ్ ఆన్ అనే రాష్ట్రంలో మందు కొట్టే సార్లు దాదాపు సగానికి తగ్గాయి. రేడియో ముందు కూర్చుని విన్న రైతులు తమ పొలంలోనే పరీక్ష చేసి చూసుకున్నారు. మీరూ అలాగే చెయ్యండి. నేను చెప్పానని మొత్తం పొలం మీద పెట్టకండి. ఒక మడికి నువ్వుల గెనిమ, పక్క మడికి మామూలు గెనిమ ఉంచి పోల్చుకోండి.

పోల్చడం ఎలాగంటే, వారానికి ఒకసారి ఉదయాన్నే మడిలోకి దిగండి. మూలగా నడుస్తూ అక్కడొకటి ఇక్కడొకటి పది దుబ్బులు చూడండి. దుబ్బును ఒక పక్కకు వంచి అరచేత్తో మెల్లగా తట్టితే దోమలు నీళ్ళ మీద పడతాయి. వాటిని పిలకల లెక్కన కట్టండి. పచ్చగా, చురుగ్గా పరిగెత్తే మిరిడ్ నల్లి దోమ గుడ్లను తినేది, దాన్ని దోమ లెక్కలో కలపకండి. సాలీళ్ళను విడిగా లెక్కపెట్టండి. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే లెక్క ఇది: సాలీళ్ళు లేని మడిలో పిలకకు ఒక దోమ ఉంటే మందు గురించి ఆలోచించాలి. దుబ్బుకు ఒక సాలీడు ఉన్న మడిలో పిలకకు రెండు దోమలు వచ్చేదాకా ఆగొచ్చు. ఆ రెండు మళ్ళ లెక్కలూ ఒకే నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోండి. సంబా కోతల నాటికి మీ దగ్గరే సమాధానం ఉంటుంది.